కుందేలు ఏ కారున ఏమి తినును?

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో మృగశిర, ఆరుద్ర కార్తెలలో పదును వాన పడి వేరుశనగ విత్తిన పది పదునైదు దినములకు పంచాయతీ కార్యాలయము మెట్లెక్కు ఫిర్యాదులలో కుందేటిమీది ఫిర్యాదు ఒకటి తరచుగా నుండును. రచ్చకట్టమీద మాటలు ఇట్లు సాగును.

“మామా, రాత్రికి రాత్రి నాలుగు సాళ్లు కొరికిపోయింది. ఉచ్చు వేయకుంటే ఈ చేను నాకు దక్కదు.”

“వేయరా అల్లుడా. చేను దక్కుతుంది, కూరా దక్కుతుంది.”

ఈ మాటలు విని నవ్వి ఊరకుండు పంచాయతీ సభ్యులు ఈ పాఠమును కొంత ఓపికతో చదువవలసినదిగా కోరుచున్నాము. రైతు చెప్పిన నష్టము అబద్ధము కాదు. విత్తనము వెలగలది, ఒకసారి తప్పిన పదును మరల ఎన్నడు వచ్చునో చెప్పజాలము. కాని ఆ రైతు చూచినది ఏడాదిలో కొలది దినముల ముచ్చట మాత్రమే. తక్కిన దినములలో ఆ కుందేలు ఎచట నుండెను, ఏమి తినెను, చేనిలోనికి అప్పుడే ఏల వచ్చెను అను సంగతి తెలిసినగాని నివారణోపాయము తోచదు. తెలియనిచో ఎవరి వాదము వారిది. తా పట్టిన కుందేటికి మూడే కాళ్లనుట మనకు క్రొత్త కాదు గదా.

ముందుగా ఒక పొరపాటును సరిదిద్దుకొందము. మన గుట్టలలో తిరుగు కుందేలును, ఇండ్లలో పెట్టెలయందు పెంచు తెల్లని కుందేలును ఒకే జాతివి కావు. పెంపుడు కుందేలు పడమటి దేశములనుండి వచ్చినది. దాని పూర్వులు నేలలో బొరియలు త్రవ్వి గుంపులుగా నివసించునవి. దాని పిల్లలు కన్నులు తెరువక, వెండ్రుకలు లేక పుట్టును. మన అడవి కుందేలు బొరియ త్రవ్వదు. పొదక్రింద గడ్డిని నలిపి, తన మేనికి సరిపడు పడక చేసికొని పగలెల్ల అందు కదలక పడియుండును. దాని పిల్లలు ఒంటినిండ వెండ్రుకలతో, తెరచిన కన్నులతో పుట్టును. ఈతకు ఒకటి మొదలు నాలుగు పిల్లలవరకు గలుగును. గోదావరికి దక్షిణమున నుండు ఈ కుందేటి మెడవెనుక నల్లని మచ్చ యుండుటచే శాస్త్రజ్ఞులు దీనిని నల్లమెడ కుందేలని వ్యవహరింతురు. కొన్ని పల్లెలలో చెవులపిల్లి యనియు అందురు.

ఈ భేదము పండితులకే గాక పంచాయతీకిని అవసరమే. ఆస్ట్రేలియాలో 1859వ సంవత్సరమున థామస్ ఆస్టిన్ అను భూస్వామి వేట వినోదమునకై ఇంగ్లండునుండి 24 కుందేళ్లను తెప్పించి విడిచెను. అవి బొరియలు త్రవ్వు జాతివి. కొన్ని దశాబ్దములలో అవి ఆ ఖండములో పెద్ద భాగమును ఆక్రమించి, పచ్చిక బయళ్లను బోడిచేసినవి. పత్రికలలో ఆ కథ చదివినవారు కుందేలనగానే దేశమును నాశనముచేయు పురుగని తలచుట కలదు. మన కుందేలు ఈ నేలలో పుట్టి, ఈ నేలలోని నక్కకు, తోడేలుకు, అడవిపిల్లికి, గ్రద్దకు, గుడ్లగూబకు ఆహారమై, అనాదిగా ఇచట నొక లెక్కలో జీవించుచున్నది. ఆ కథ దీనికి వర్తింపదు.

విజయనగర స్థాపననుగూర్చిన ఐతిహ్యములో కుందేలు వేటకుక్కలమీదికి తిరుగబడినదని చెప్పుదురు. 1565లో తళ్లికోట యుద్ధము జరిగినపిమ్మట ఆ రాజ్యమునకు రాజధానియైన పెనుకొండలో ఈ కథ తెలియనివారు తక్కువ. కథ మాట యెట్లున్నను, కుందేటికి నిజముగా గల బలము మూడు విషయములలో నున్నది: కాళ్లు, చెవులు, కడుపు. ఈ పాఠమునకు ముఖ్యమైనది మూడవది.

ఆవు, మేక నెమరు వేయు జంతువులు. వాటి పెద్దపొట్టలో గడ్డి చాలసేపు నాని, సూక్ష్మజీవులచే మెత్తబడి, మరల నోటికివచ్చి నలుగును. ఎండుగడ్డియైనను అవి కొంత సారము పిండుకొనగలవు. కుందేటికి అట్టి పొట్ట లేదు. సుమారు 2 కిలోల తూకముగల చిన్న దేహములో ప్రేవుల చివర నొక పెద్ద సంచి కలదు. గడ్డి పులియుట అచట జరుగును. అది కడుపు దాటిన తరువాతి చోటగుటచే ఆ సారమంతయు ఒక్క పర్యాయములో ఒంటబట్టదు. అందుచేత కుందేలు ఒక విచిత్రమైన పద్ధతి నవలంబించినది. ఆ సంచిలో తయారైన మెత్తని పెంటికలను, పగటి విశ్రాంతివేళ తన గుదమునొద్దనే నోట గ్రహించి మ్రింగును. వానిలో మాంసకృత్తులు, బి విటమినులు సమృద్ధిగా నుండును. మనకు కనబడు గుండ్రని గట్టి పెంటికలు రెండవసారి జీర్ణమైనపిమ్మట విడిచినవి. ఇది చూచి అసహ్యపడువారు, ఆవు నెమరువేయుటయు తిన్నది మరల తినుటయే గదా యని తలంచుకొనవలెను.

ఇంత చేసినను కుందేటికి ముదురు పీచు పనికిరాదు. చిన్న దేహమునకు తూకమునుబట్టి చూచినచో ఆవుకన్న ఎక్కువ సారముగల మేత కావలెను. గడ్డి లేతగా నున్నప్పుడు దానిలో మాంసకృత్తులు హెచ్చు, పీచు తక్కువ. వెన్ను వేసి గింజ పట్టినకొలది పీచు హెచ్చి, సారము తగ్గును. కుందేటి ఆహారము ఋతువులతో మారుటకు మూలకారణమిదియే. దానికి గడ్డిపై విముఖత కలుగలేదు, గడ్డియే ముదిరినది.

ఇక మన ప్రాంతపు వాతావరణమును తలంతము. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లాగా ఏర్పడిన ఈ భూభాగము అంతకుముందు అనంతపురము జిల్లాలోనిది. పడమటి కనుమల వాననీడలో నుండుటచే నైరృతి మేఘములు ఇచటికి చేరునప్పటికి సగము ఖాళీయై యుండును. తూర్పుతీరమున ఈశాన్య ఋతుపవనము తెచ్చు వానయు ఇంతదూరము వచ్చునప్పటికి పలుచబడును. పాత అనంతపురము జిల్లా సగటు వర్షపాతము సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఇట్టి నేలలో పచ్చదన మనునది ఏడాదిలో కొన్ని నెలల అతిథి. పశువుల కాపరి దానిననుసరించి మందను త్రిప్పినట్లే కుందేలును తన మేతను త్రిప్పుకొనును.

వానకారున అది గడ్డి తిను జంతువు. తొలకరి పడిన వారమునకు గుట్టల దాపున, వంకల ఒడ్డున, చెరువు శిఖమునందు గరికయు ఇతర పొట్టిగడ్డులును చిగిర్చును. కుందేటికి పొట్టిగడ్డి యనిన మిక్కిలి ప్రీతి. దానికి కారణములు రెండు. అది లేతది, అందు మేయునప్పుడు తల యెత్తినచో నలుదిక్కుల శత్రువు కనబడును. నడుములెత్తు గడ్డిలో కుందేలు పడుకొనునుగాని మేయుట కిష్టపడదు. శ్రావణ భాద్రపదములలో కొండగడ్డి ఏపుగా పెరిగినపుడు, ఊరి ఆవులు, గొఱ్ఱెలు మేసి కురుచచేసిన బయళ్లకు కుందేలు రాత్రివేళ దిగివచ్చును. ఊరి మందకును కుందేటికిని మేతవిషయమున కలహమే యున్నదని తలచువారు ఈ సంగతి గమనింపవలెను. మంద పోయిన దారిలోనే కుందేటికి అనుకూలమైన మేత ఏర్పడుచున్నది.

వేరుశనగకు హాని కలుగునది ఈ కారు ఆరంభముననే. విత్తిన తరువాత మొలక పైకివచ్చు దినములలో బీటిగడ్డి ఇంకను చాలినంత చిగిర్చి యుండదు. దున్ని చదునుచేసిన చేనిలో మొలకలు వరుసగా, లేతగా, ఏ పొదయు అడ్డములేక కనబడును. పొట్టిగడ్డిలో కుందేలు కోరు గుణములన్నియు అందు కలవు. మొలక తలను కొరికినచో సాలులో ఆ చోటు ఖాళీ పడును. మూడు నాలుగు వారములు గడచి మొక్కలు కొమ్మలువేసి నేలను కప్పినపిమ్మట కుందేలు కొన్ని ఆకులు మేసినను మొక్క తేరుకొనును. కావున పోరు ఏడాది పొడుగునది కాదు. మూడు నాలుగు వారములది.

ఒక సంగతి అనుభవజ్ఞులైన రైతులు ఎరుగుదురు. అందరికన్న ముందు విత్తినవాని చేను, అందరికన్న వెనుక విత్తినవాని చేను ఎక్కువ దెబ్బ తినును. గుట్టలోని కుందేళ్లు ఎన్ని యున్నవో అన్నియే. ఊరి చేలన్నియు ఒక్కపర్యాయము మొలచినచో ఆ కొరుకుడు అన్ని చేలకును పంచబడి ఎవ్వరికిని కనబడదు. ఒక్క చేనే పచ్చగా నున్నచో భారమంతయు ఒక్కనిమీద పడును. ఇది కుందేటి దుర్మార్గము కాదు, లెక్క.

కార్తికము తరువాత కోతలు ముగియును. గడ్డి వెన్నువేసి గట్టిపడును. అప్పటికి పూతకువచ్చిన చిన్నమొక్కలు, పొలము గట్లమీది తీగలు, ఆలస్యముగా విత్తిన ఉలవచేల అంచులు కుందేటికి ఆధారములు. ఈ శీతకాలమున నష్టము చెప్పుకొనదగినంత యుండదు గనుక ఇచట ఎక్కువసేపు నిలువ నక్కరలేదు.

మాఘము మొదలు రోహిణి కార్తెవరకు గల ఎండకారు మిక్కిలి గమనింపదగినది. ఈ నెలలలో కుందేలు గడ్డిని వదలి ఆకుమొక్కలపై, పూలమొక్కలపై ఆధారపడును. వేరు లోతుగల మొక్కలు నేల అడుగున మిగిలిన చెమ్మను పీల్చి, గడ్డి ఎండినపిమ్మటను కొంతకాలము ఆకు, పూవు, కాయ నిలుపుకొనును. అవియు తగ్గినపుడు పొదల చిగుళ్లు, లేతకొమ్మల బెరడు తినును. క్రొత్తగా నాటిన మొక్కల బెరడును కొరుకుట ఈ కాలముననే జరుగును గావున, చెట్లపెంపకము చేపట్టిన గ్రామములు మొదటి రెండు వేసవులు నాటిన మొక్కకు చుట్టు కంపయో వలయో కట్టుట మంచిది. కుందేలు నీటికై చెరువును వెదకుట అరుదు. తిన్న ఆకులోని చెమ్మ, తెల్లవారుజామున పడు మంచుబొట్లు దానికి చాలవరకు సరిపోవును. పచ్చియాకు దొరకని వేసవిలో దానికి కలుగు బాధ ఆకలియు దప్పియు కలిసినది.

కెనడా దేశపు మంచుప్రాంతములలో తెల్లబారు కుందే లొకటి కలదు. అది వేసవిలో పచ్చిమొక్కలు తిని, శీతకాలమున నేలనంతయు మంచు కప్పినపుడు చెట్ల సన్నని కొమ్మలు, బెరడు తిని బ్రదుకును. అచట మంచు చేయు పనిని మన సీమలో ఎండ చేయుచున్నది. అచట కరవుకాలము పుష్యము, ఇచట వైశాఖము.

ఈ ఎండకారున చుట్టు నేల మాడిపోయి యుండగా గొట్టపుబావుల క్రింది తోటలు పచ్చని దీవులవలె కనబడును. హిందూపురము పట్టుగూళ్ల విపణికి, ధర్మవరము పట్టుమగ్గములకు ఆధారమైన మల్బరీ తోటలును ఇట్టి పచ్చని దీవులే. క్రొత్తగా నాటిన తోట, కత్తిరింపు తరువాత నేలకు దాపుగా చిగిర్చిన తోట, కూరగాయల నారుమడి కాపుదల కోరును. ఎదిగిన తోటకు భయము లేదు, కుందేలు చెట్టెక్కదు.

కొండగడ్డికి నిప్పుపెట్టు అలవాటు ఇచటనే నష్టము తెచ్చుచున్నది. మాఘ ఫాల్గునములలో గడ్డిని కాల్చిన క్రొత్తచిగురు వచ్చునని కొందరు కాపరుల నమ్మకము. నేలలో చెమ్మయున్న సీమలో అది కొంత నిజమే. వానకు మూడు నాలుగు నెలల దూరమున్న మన గుట్టమీద కాల్చినచో చిగురు రాదు సరిగదా, ఉన్న ఆకుమొక్కలును పొదలును పోవును. తంగేడు, రేగు, కలే పొదల నీడ పోయినపుడు కుందేటికి పడకయు లేదు, మేతయు లేదు. అది దిగివచ్చు చోటు మన తోట. గుట్టను కాల్చినవా డొకడు, నష్టపోవువాడు మరియొకడు. ఊరిలో దీనిని అడుగదగిన స్థానము పంచాయతీయే.

నష్టము చేసినది కుందేలేనా యను ప్రశ్న వేయకయే తీర్పు చెప్పుట తగదు. చేనిలోనికి తెల్లవారుజామున పోయి కొరుకుడును చూడవలెను. కుందేటికి పైదవడను రెండు పెద్ద ముందుపండ్లు, వాని వెనుక నానుకొని రెండు చిన్నపండ్లు గలవు. ఆ పండ్లు జీవితమంతయు పెరుగుచునే యుండును. అది కొరికిన కాడ చాకుతో ఏటవాలుగా కోసినట్లు నునుపుగా నుండును. మేకకు పైదవడను ముందుపండ్లు లేవు గనుక అది మేసిన కాడ చిరిగి పీచుతేలి యుండును. అడవిపంది నేలను దున్ని మొక్కను వేరుతో పెల్లగించును. ఎలుక విత్తునే త్రవ్వి బొరియకు మోయును. తడినేలలో కుందేటి అడుగులు సులభముగా గుర్తింపవచ్చును: చిన్నవైన ముందుకాళ్ల గురుతులు ఒకదానివెనుక ఒకటి, వానికి ముందుగా పెద్దవైన వెనుకకాళ్ల గురుతులు జతగా పడును. సమీపమున గుండ్రని పెంటికలుండును. ఎండిన పెంటికను చిదిపిన నలిగిన పీచు కనబడును. శాస్త్రజ్ఞులు ఈ పీచునే సూక్ష్మదర్శినిలో చూచి, ఆకుపొరల నమరికనుబట్టి కుందేలు తిన్న మొక్కలేవియో గుర్తింతురు. ఇట్లు చూచినచో కుందేటిమీద మోపిన నేరములలో కొన్ని ఎలుకకు, కొన్ని పందికి, ఒక్కొక్కప్పుడు పొరుగువాని మేకకును చెందునని తేలుట కలదు. చివరిది తేలినపుడు సభ్యులు మిక్కిలి నేర్పుతో మాటలాడవలసి యుండును!

కుందేలే యని తేలినచో ఏమి చేయవలెను? మొలక దశలోని మూడు నాలుగు వారములు గుట్టకానుకొని యున్న చేలవారు వంతులు వేసికొని రాత్రి కాపలా కాయుట, దీపము, చప్పుడు ఉపయోగించుట పాతపద్ధతియైనను పనికివచ్చునదియే. సన్నని కన్నులుగల వలను మూడడుగుల యెత్తున కట్టి, అడుగు అంచును నేలలో పాతినచో కుందేలు లోనికి రాలేదు. కంపకంచె వేయువారు పైన ఎత్తు పెంచుటకన్న క్రింది సందులు మూయుటపై దృష్టి నిలుపవలెను. తొలకరి పదునుకు ఊరు ఊరంతయు కలిసి విత్తునట్లు మాటాడుకొనుట ఖర్చులేని ఉపాయము.

చేయరానివి స్పష్టముగా చెప్పవలసి యున్నది. చేని చుట్టు విద్యుత్తీగ చుట్టి ప్రవాహము విడుచుట చట్టవిరుద్ధము. ఆ తీగకు కుందేటికన్న ముందు రాత్రివేళ నీరు కట్టబోవు మనిషియే తగులవచ్చును. ఇట్టి తీగలవలన మన రాష్ట్రమున రైతులు, కూలీలు ప్రాణములు కోల్పోయియున్నారు. ఉచ్చు కుందేటిని మాత్రమే ఏరి పట్టదు. ఎలుకలను తిని చేనికి మేలుచేయు గుంటనక్కయు, అడవిపిల్లియు, ఇంటికుక్కయు అందులో చిక్కును. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము కుందేటి వేట నేరము. ఆ చట్టములో వేట యనగా చంపుట మాత్రమే కాదు. ఉచ్చువేయుట, పట్టుట, అందుకు ప్రయత్నించుటయు చేరియున్నవి. తొలుత కుందేలు ఆ చట్టపు నాలుగవ అనుబంధములో నుండెను. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చి అనుబంధములు మారినను రక్షణ తొలగలేదు. పండుగ వేట యను మాట కోర్టులో చెల్లదు. దేవుని పారువేట కేమగునని యెవరైన అడిగినచో తిరుమలను చూపవచ్చును. అచట కనుమనాడు జరుగు పారువేటలో అర్చకులు ఈటె విసరుట వేటకు సంకేతము మాత్రమే. ఉత్సవమునకు లోటు లేదు, ప్రాణికి హాని లేదు.

సభ్యులకు చట్టము ఇచ్చిన మరియొక సాధనము కలదు. 2002 జీవవైవిధ్య చట్టము ప్రతి స్థానిక సంస్థయు ఒక జీవవైవిధ్య యాజమాన్య సంఘమును ఏర్పరచవలెనని విధించినది. గ్రామ ప్రజల నడిగి తెలిసికొని జీవవైవిధ్య నమోదు పుస్తకము తయారుచేయుట ఆ సంఘము పని. పెక్కుచోట్ల ఆ పుస్తకములో కుందేలు అను మాట ఒక జాబితాలో ఒక పంక్తిగా వ్రాసి ముగింతురేమో యని మా సందేహము. దాని పక్కన ఏ కార్తెలో ఏ గుట్టన కనబడినది, ఏ మొక్కను కొరికినది, ఏ చేను ఎప్పుడు విత్తగా ఎన్ని సాళ్లు పోయినవి, గుట్ట ఎప్పుడు కాలినది అను సంగతులు చేర్చినచో రెండు మూడేండ్లలో ఆ ఊరి కుందేటి ఆహారపు పట్టిక తయారగును. ఈ పనికి చదువరులకన్న గొఱ్ఱెల కాపరులు ఎక్కువ ఉపయోగపడుదురు. తెల్లవారుజామున గుట్టమీద నుండువారు వారే. మొక్కల పేర్లు వారి నాలుకమీద నుండును. పుస్తకమును వారివద్దకు తీసికొనిపోవలెనుగాని వారిని కార్యాలయమునకు పిలిపించి నిలువబెట్టరాదు.

రాబోవు రోహిణి కార్తెలో, తొలకరికి ముందే, గుట్టకానుకొని యున్న చేలెవరివో, వారిలో ముందు విత్తువారెవరో ఒక పుటలో వ్రాసికొనుడు. కాపలా వంతులకును ఆ పుటయే చాలును.